కాలనీ మురుగు లైన్ నగరానికి అప్పగించాలంటే ముందు ఏమేం సిద్ధం చేసుకోవాలి?

కాలనీ_కార్యదర్శి
హైదరాబాద్‌లో కుత్బుల్లాపూర్ వైపు మాది 210 ఇళ్ల కాలనీ. గేటు లేదు, మామూలు లేఅవుటే. ఊరు నగరంలో కలవకముందు ఇంటికింత అని వేసుకుని మురుగు లైన్ కాలనీవాళ్లే వేయించుకున్నారు. సందుల్లో 6 అంగుళాల స్టోన్‌వేర్ (కాల్చిన మట్టి) పైపు, నడిమి రోడ్డులో 8 అంగుళాలది. మొత్తం 1,400 మీటర్ల దాకా ఉంటుంది, మ్యాన్‌హోళ్లు 47. చివర మెయిన్ రోడ్డు మీది 300 మి.మీ. లైన్‌లో కలుస్తుంది. ఇప్పటికీ పూడిక తీయించేదీ మూతలు మార్పించేదీ అసోసియేషనే. ఏ చందాకీ అందని ఖర్చయి కూర్చుంది.
ఈ లైన్ నగరానికి అప్పగించాలని తీర్మానం పెట్టబోతున్నాం. ఎవరికి రాయాలి, ఏ కాగితాలు కావాలి, ఉన్న లైన్ మొత్తం తవ్వి కొత్తది వేస్తేనే తీసుకుంటారా? కాలనీలో సగం మంది మాత్రం "మన డబ్బుతో వేసుకున్నది ఊరికే ఎందుకివ్వాలి" అంటున్నారు. వాళ్లకేం చెప్పాలో కూడా చెప్పండి.

నల్లా_బిల్లు
ఆ సగం మందికి నీళ్ల బిల్లు చూపించండి. నీటి ఛార్జీ మీద 35 శాతం సీవరేజ్ సెస్ ఉంటుంది. సెస్సూ కట్టి, పూడికకి చందా కూడా కడుతుంటే ఒకే పనికి రెండుసార్లు కడుతున్నట్టే.

లెవెల్_మిషన్
సెస్ మాట కాలనీ మీటింగులో పనికొస్తుంది, ఆఫీసులో నిలవదు. ఇంటి మురుగు చివరికి ట్రంక్ లైన్‌లో, అంటే నగరం పెద్ద మురుగు లైన్‌లో పడి ఎస్టీపీ (మురుగు శుద్ధి కేంద్రం) దాకా పోవడానికీ ఆ సెస్సే. సందులో ఉన్న పైపు ఎవరిదన్నది వేరే సంగతి. సెస్ కట్టినంత మాత్రాన పైపు వాళ్ల రిజిస్టర్‌లోకి ఎక్కదు.

నల్లా_బిల్లు
రిజిస్టర్‌లో ఎక్కించమనడానికే కదండీ అది ఆధారం. కట్టిన బిల్లులు, క్యాన్ (నల్లా కనెక్షన్) నంబర్ల జాబితా అర్జీకి జతచేస్తే తప్పేముంది?

లెవెల్_మిషన్
జతచేయండి, అడ్డు చెప్పను. దానితోనే పనైపోతుందనుకోవద్దనే నా మాట.

నాలా_నడక
ముందు "ఎవరికి" అన్నది తేల్చుకుందాం. పాత ఎంసీహెచ్ (జీహెచ్‌ఎంసీకి ముందున్న నగర కార్పొరేషన్) హద్దుల్లో మురుగు లైన్లు మొదట్నుంచీ నగర నీటి, మురుగు బోర్డు అయిన జలమండలివే. 2007లో 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు కలిపి జీహెచ్‌ఎంసీ చేశాక శివారు సర్కిళ్లలో మురుగు లైన్ల పని చాలా ఏళ్లు జీహెచ్‌ఎంసీ చేతిలోనే ఉంది. 2021 అక్టోబర్ 1 నుంచి అక్కడి మురుగు నిర్వహణ కూడా జలమండలికి మారింది. కుత్బుల్లాపూర్ అందులోదే. కాబట్టి మురుగు లైన్ కోసం అర్జీ జలమండలికి, మీ సెక్షన్ మేనేజర్ ద్వారా డివిజన్ జనరల్ మేనేజర్‌కి పోవాలి.
కానీ రోడ్డు, వాన నీటి కాలువ మున్సిపల్ కార్పొరేషన్‌వే. అంటే పైపు ఒకరిది, దాని మీది రోడ్డు ఒకరిది. అర్జీ కాపీ రెండు చోట్లా ఇచ్చి రెండు చోట్లా ముద్ర వేయించుకోండి.
ఇంకొకటి. 2021లో జీహెచ్‌ఎంసీ లెక్కల్లో ఉన్న లైన్లు అలా చేతులు మారాయి. అసోసియేషన్ వేసుకుని ఎవరి లెక్కలోనూ చూపని లైన్ తనంతట తాను మారదు. మీది అదే కేసు.

పత్రాల_పెట్టె
అసలు మొదటి ప్రశ్న పైపు గురించి కాదు, రోడ్డు గురించి. పైపు ఉన్న నేల ఎవరి పేరున ఉంది?
లేఅవుట్‌కి నగరాభివృద్ధి సంస్థ (అప్పటి హుడా లేదా ఇప్పటి హెచ్‌ఎండీఏ) అనుమతి ఉంటే చిక్కు తక్కువ. రోడ్లు, 10 శాతం ఖాళీ స్థలం స్థానిక సంస్థకి ఉచితంగా అప్పగించాలన్నది షరతు. దాని గిఫ్ట్ డీడ్ రిజిస్టరై ఉంటుంది. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ సర్వే నంబర్ల మీద ఈసీ (రిజిస్టరైన లావాదేవీల జాబితా) తీసి, డీడ్ నకలు తెచ్చుకోండి.
అనుమతి లేని పాత లేఅవుట్ అయితే రోడ్డు సేల్ డీడ్‌ల హద్దుల్లో "30 అడుగుల రోడ్డు" అన్న మాటగానే బతుకుతుంది. రెవెన్యూ రికార్డులో ఆ విస్తీర్ణం ఇంకా పాత పట్టాదారు పేరున మిగిలి ఉండొచ్చు. అలాంటి చోట సర్కారు డబ్బు ఖర్చుపెడితే రేపు పట్టాదారు వారసులు కోర్టుకెక్కుతారని ఇంజనీర్ వెనకాడతాడు, వెనకాడటం సబబే. రోడ్డు గిఫ్ట్ డీడ్ ముందు, లైన్ అప్పగింత తర్వాత. ఈ వరుస తిరగేస్తే ఫైలు కదలదు.

మల్కాజ్‌గిరి_మల్లన్న
పత్రాల పెట్టె అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఇంగో మాట. రోడ్డు మీదికి మెట్లు, ర్యాంపులు, తులసికోట జరిపినోళ్లు ప్రతి గల్లీల ఉంటరు. కొన్ని తాన మ్యాన్‌హోల్ ఇంటి కాంపౌండ్ లోపల వడ్డది. గవి ముందుగాల తేల్చుకోండ్రి. ప్రైవేటు గోడ లోపలున్న మ్యాన్‌హోల్‌ను ఎవ్వరు తీసుకోరు.

కాలనీ_కార్యదర్శి
అనుమతి ఉన్న లేఅవుటే, డీడ్ నకలు తీయిస్తాం. గోడ లోపలికి పోయిన మ్యాన్‌హోళ్లు 3 ఉన్నాయి మల్లన్నా. వాటికేం చేయాలి?

మల్కాజ్‌గిరి_మల్లన్న
రోడ్డు మీద కొత్తది కట్టి లైన్ దాంట్లకి మళ్లియ్యాలె. పాతదాన్ని ఆ ఇంటి ఛాంబర్ లెక్క ఉంచెయ్యుండ్రి. గోడ కొట్టుడుకన్న గదే అగ్గువ.

లెవెల్_మిషన్
ఇక సాంకేతిక కాగితాలు. ఎక్కువ కాలనీలు తీర్మానం, సంతకాల జాబితా పట్టుకుని వెళ్తాయి. అవతల ఇంజనీర్‌కి కావలసింది మూడే: పైపు ఎక్కడుంది, ఎంత లోతులో ఉంది, లోపల ఎలా ఉంది.
మొదటి రెండిటికీ లెవెల్ సర్వే. ప్రతి మ్యాన్‌హోల్‌కీ మూత లెవెల్, ఇన్‌వర్ట్ లెవెల్, అంటే పైపు అడుగు లెవెల్ తీయించండి. మూత తీసి పైనుంచి కొలత కర్ర (లెవెలింగ్ స్టాఫ్) దింపి చదవాలి. దానికోసం మనిషి లోపలికి దిగకూడదు, దిగాల్సిన పనీ లేదు. లెవెళ్లన్నీ ఒకే బెంచ్‌మార్క్ (ఎత్తు తెలిసిన స్థిరమైన గుర్తు) నుంచి రావాలి. మెయిన్ రోడ్డు మీది 300 మి.మీ. లైన్ మ్యాన్‌హోల్ ఇన్‌వర్ట్ తప్పకుండా తీసుకోండి, లేకపోతే మీ లైన్ అందులో కలవడానికి ఎంత పతనం ఉందో తెలియదు. మీ చివరి పైపు అడుగు దానికంటే 60 సెం.మీ. మించి ఎత్తులో ఉంటే డ్రాప్ మ్యాన్‌హోల్, అంటే మురుగుని నిలువు పైపులోంచి దింపేది కావాలి. నేరుగా పడితే అడుగు కాంక్రీటు కోసుకుపోతుంది.
వాలు లెక్క: కేంద్ర ప్రభుత్వ సీపీహెచ్‌ఈఈవో మాన్యువల్ ప్రకారం 150 మి.మీ. పైపుకి కనీసం నూటికి 0.6, 200 మి.మీ. పైపుకి నూటికి 0.4. అంటే 30 మీటర్ల ముక్కలో 6 అంగుళాల లైన్ 18 సెం.మీ. దిగాలి, 8 అంగుళాలది 12 సెం.మీ. పాత కాలనీల్లో ఎదురు వాలు ఉన్న ముక్కలు తప్పకుండా బయటపడతాయి. ఎప్పుడూ పొంగే మ్యాన్‌హోల్‌కి దిగువ ముక్క ముందు చూడండి, సాధారణంగా దోషం అక్కడే.
మూడోదానికి పైపు లోపలికి పంపే కెమెరా. రాస్తాను, కొంచెం ఆగండి.

సివిల్_సుబ్బు
ఆయన రాసేలోపు పైపు గురించి నాలుగు ముక్కలు. స్టోన్‌వేర్ పైపు ఒక్కోటి 60 సెం.మీ. ఉంటుంది. మీ 1,400 మీటర్లు మొత్తం అదే అయితే 2,300 పైచిలుకు జాయింట్లు. జనుము తాడు కుక్కి సిమెంటు పూసినవి. పైపు బాగున్నా జాయింటు సిమెంటు రాలిపోతుంది, ఆ సందులోంచి రావి, కానుగ వేళ్లు దూరతాయి. అదే దూరం డీడబ్ల్యూసీ (రెండు గోడల ప్లాస్టిక్) పైపు వేస్తే, పైపు 6 మీటర్లు కాబట్టి జాయింట్లు 233. అవీ రబ్బరు రింగువి. మార్చే ముక్కల్లో మళ్లీ స్టోన్‌వేర్ వేయకండి. చౌకగా వస్తోందని ఎవరైనా అంటే ఈ లెక్క చెప్పండి.

లెవెల్_మిషన్
కెమెరా. ముందు జెట్టింగ్ చేసి, అంటే గొట్టంతో ఒత్తిడిగా నీళ్లు కొట్టి పూడిక తీయాలి, ఆ తర్వాతే కెమెరా పోతుంది. కాంట్రాక్టర్లు కొందరు సగం నీళ్లున్న పైపులోనే తోసేసి వీడియో ఇచ్చేస్తారు. అందులో పైపు పైభాగం తప్ప ఏమీ కనపడదు, అడుగున విరిగినది నీటి కిందే ఉంటుంది. ఒప్పుకోకండి. ఎగువ మ్యాన్‌హోల్‌లో కాసేపు గన్నీ సంచితో నీళ్లు ఆపి తీయించాలి. వీడియో మీద "మ్యాన్‌హోల్ 12 నుంచి 13", తేదీ, కెమెరా ఎన్ని మీటర్లు పోయిందీ తెర మీదే పడాలి. మీటర్ల అంకె లేని వీడియోతో ఎక్కడ తవ్వాలో తెలియదు.
చూడాల్సినవి: జాయింటు జరగడం, వేళ్లు, పైపు కిందికి కుంగి నీళ్లు నిలిచిన చోటు, నిలువు పగులు, కూలిన ముక్క. ఇంకొకటి అందరూ వదిలేస్తారు. ఇంటి కనెక్షన్ ఇచ్చేటప్పుడు మెయిన్ పైపుకి మధ్యలో కన్నం కొట్టి 4 అంగుళాల పైపు లోపలికి పొడుస్తారు. లోపల జానెడు పైపు పొడుచుకుని ఉంటుంది. గుడ్డలు, ప్లాస్టిక్కు, జుట్టు దానికే చుట్టుకుంటాయి. జెట్టింగ్ గొట్టం కూడా దానికే తట్టుకుంటుంది. అలాంటివి ఎన్ని ఉన్నాయో, ఏ మీటరు దగ్గరో జాబితా రాయించండి. అప్పగించేలోపు వాటిని తీసి, కనెక్షన్లు మ్యాన్‌హోల్‌లోకి మార్చాలి.

కాలనీ_కార్యదర్శి
అయితే మొత్తం తవ్వక్కర్లేదా?

లెవెల్_మిషన్
అక్కర్లేదు. కూలినవి, ఎదురు వాలువి, కుంగినవి, వీటికి మ్యాన్‌హోల్ నుంచి మ్యాన్‌హోల్ దాకా మొత్తం ముక్క మార్చండి. మధ్యలో అతుకు వేయకండి, ఎదురు వాలు అతుకుతో పోదు. వేళ్లు మాత్రమే ఉన్న ముక్క కోసి శుభ్రం చేస్తే నడుస్తుంది. తీసుకునేవాళ్లు మొత్తం మార్చమంటే మీ చేతిలో వీడియో, లెవెల్ షీటు ఉంటే ముక్కముక్కకీ మాట్లాడొచ్చు. అవి లేకపోతే వాళ్లకీ వేరే దారి లేదు, మొత్తం మార్చమనే అంటారు.

సివిల్_సుబ్బు
మార్చే ముక్కకి: కంకర పొడి లేదా ఇసుక పరుపు 10 నుంచి 15 సెం.మీ., పైపు నెత్తి మీద మట్టి కనీసం మీటరు. అంత లోతు దొరక్కపోతే చుట్టూ కాంక్రీటు. నీళ్ల పైపు అడ్డం వచ్చిన చోట మురుగు పైపు కిందే ఉండాలి, మధ్యలో అరమీటరు ఎడం. మ్యాన్‌హోల్ గుండ్రంది అయితే 1.65 మీటర్ల లోతు దాకా 90 సెం.మీ. వ్యాసం, 2.3 మీటర్ల దాకా 1.2 మీటర్లు, ఆపైన 1.5 మీటర్లు. కాలనీల్లో 60 సెం.మీ. ఇటుక ఛాంబర్లు కట్టేసి మ్యాన్‌హోల్ అని లెక్క చెబుతారు. మీ 47లో నిజంగా ఎన్ని మ్యాన్‌హోళ్లో టేపు పెట్టి చూడండి.

మల్కాజ్‌గిరి_మల్లన్న
మూతల సంగతి నేను చెప్త. సీసీ రోడ్డు ఏసినప్పుడల్లా మూత రోడ్డు కిందికి వోతది. నాలుగు ఇంచుల రోడ్డు రెండుసార్లు వడితె మూత ఎక్కడున్నదో దేవునికె తెల్వాలె. మెటల్ డిటెక్టర్‌తోని ఎతికితె ఇనుప ఫ్రేమ్ దొరుకుతది, కాంక్రీటు మూత దొరకది. అప్పగిచ్చేటప్పుడు 47కు 47 మూతలు రోడ్డుకు సమంగ కనవడాలె. లేపేటప్పుడు ఇటుక ముక్కలు పేర్చి మీద సిమెంటు పూస్తె ట్రాక్టర్ ఎక్కంగనె కుంగుతది. ఆర్‌సీసీ రింగుతోని లేపుండ్రి. మూత మీద హెచ్‌డీ 20 అని ఉండాలె, 20 టన్నులు మోస్తదని. లారీలు, టిప్పర్లు తిరిగే రోడ్డయితె 35 టన్నుల ఈహెచ్‌డీ మూత. ఎండీ 10 మూత అగ్గువకొస్తదని రోడ్డు మీద ఏస్తె పగుల్తది.

మేడ_మీది_మొక్క
ఒక్క ప్రశ్న. మా కాలనీలో వాన పడ్డప్పుడే పొంగుతుంది, మామూలు రోజుల్లో ఏ సమస్యా లేదు. అది లైన్ లోపమేనా?

లెవెల్_మిషన్
కాదు, మేడల మీది వాన నీళ్లు. కార్యదర్శి గారి కాలనీ లెక్కే చూడండి. 210 ఇళ్లు, ఇంటికి 4.5 మంది చొప్పున 945 మంది. మనిషికి రోజుకి 135 లీటర్ల నీళ్లు, అందులో 80 శాతం మురుగు, అంటే రోజుకి లక్ష లీటర్ల పైచిలుకు. సెకనుకి సగటున 1.2 లీటర్లు, పొద్దున రద్దీ వేళ దానికి మూడింతలు, 3.5 లీటర్లు. 0.4 వాలులో ఉన్న 8 అంగుళాల పైపు నిండుగా పారితే సెకనుకి 20 లీటర్లు మోస్తుంది. కాలనీ మొత్తం మురుగు దాని శక్తిలో ఐదో వంతు కూడా లేదు.
ఇప్పుడు వాన. 150 చదరపు మీటర్ల మేడ మీద గంటకి 50 మి.మీ. వాన పడితే గంటకి 7,500 లీటర్లు, సెకనుకి 2 లీటర్లకు పైనే. అలాంటి మేడలు పదింటి పైపులు మురుగు ఛాంబర్‌లో కలిపి ఉంటే చాలు, లైన్ నిండిపోయింది. 210 ఇళ్లలో పది ఇళ్లు!

మేడ_మీది_మొక్క
ఈ లెక్క మా వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాను.

నాలా_నడక
ఇది అప్పగింతకీ పెద్ద అడ్డే. వాన నీళ్లు కలిసే లైన్ తీసుకుంటే దిగువ ట్రంక్ లైన్ కూడా పొంగుతుంది. పొగ పరీక్ష చేయించండి. మ్యాన్‌హోల్‌లోకి పొగ ఊదితే ఏ మేడ పైపులోంచి పొగ లేస్తుందో వీధిలో అందరికీ కనపడుతుంది, వాదన ఉండదు. ముందు రోజే ఇళ్లకి చెప్పండి, బాత్‌రూమ్ ట్రాపులో నీళ్లు ఎండిపోతే పొగ ఇంట్లోకే వస్తుంది, జనం మంట అనుకుంటారు. బయటపడ్డ వాన పైపుల్ని ఇంకుడు గుంటకో రోడ్డు పక్క కాలువకో మళ్లించాలి.

గేటు_లోపల
మాది గేటెడ్ కమ్యూనిటీ, 380 విల్లాలు. మేమూ ఇదే ఆలోచిస్తున్నాం. కానీ సొంత ఎస్టీపీ ఉంది. లైన్లు ఇచ్చేస్తే ఎస్టీపీ నడిపే ఖర్చు కూడా తప్పుతుందా?

పత్రాల_పెట్టె
తప్పదండి. నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటిన ప్రాజెక్టులకి 2006 నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి ఉంటుంది, శుద్ధి చేసిన నీటి వాడకం ఆ షరతుల్లోనే రాసి ఉంటుంది. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కూడా దాన్ని బట్టే. ఎస్టీపీ పక్కన పెట్టి మురుగు నేరుగా బయటికి వదిలితే అనుమతి షరతు ఉల్లంఘించినట్టే. మీరు బయటి లైన్‌లోకి ఇవ్వగలిగేది శుద్ధయ్యాక మిగిలిన నీటిని.

విశాఖ_తీరం
పైగా గేటెడ్‌లో లోపలి రోడ్లు అసోసియేషన్ ఆస్తి. రోడ్డు మీ దగ్గర ఉంచుకుని పైపు మాత్రం ఇస్తామంటే ఎవరూ ఒప్పుకోరు. జెట్టింగ్ బండి అర్ధరాత్రి వచ్చినా గేటు తీయాలి, రోడ్డు తవ్వితే అడ్డు చెప్పకూడదు. దానికి ఇష్టపడితేనే ఇవ్వండి. నా మటుకు గేటెడ్‌వాళ్లు లోపలి లైన్ సొంతంగా చూసుకుంటేనే మంచిదండి.

గేటు_లోపల
అంటే ఆస్తిపన్ను, సెస్ కడుతున్నా మాకు ఏ సేవా లేనట్టేనా? ఇది న్యాయంగా లేదు.

విశాఖ_తీరం
న్యాయం సంగతి వేరండి. రోడ్డు జనానికి తెరవడానికి మీ సభ్యులు ఒప్పుకుంటారా, ముందు అది అడగండి. ఒప్పుకుంటే మిగతా కాలనీల లాగే అర్జీ పెట్టుకోవచ్చు.

పత్రాల_పెట్టె
ప్రాజెక్టు రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) పరిధిలోది అయితే బిల్డర్‌ని వదలకండి. రెరా చట్టం 14(3) కింద స్వాధీనం ఇచ్చిన 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం, సేవల లోపం ఏదైనా చూపిస్తే ఆయన 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. మురుగు లైన్ వాలు తప్పుగా ఉండటం లోపమే. కెమెరా వీడియో ఆ 5 ఏళ్లు దాటకముందే తీయించి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. దాటాక అదే మరమ్మతు మీ జేబులోంచి.
ఓపెన్ ప్లాట్ల లేఅవుట్‌లో ఇంకో పట్టు ఉంది. ప్లాట్ల విస్తీర్ణంలో 15 శాతం అధికార సంస్థకి తనఖా ఉంటుంది. రోడ్లు, డ్రైనేజీ పనులు పూర్తయ్యాయని ధ్రువీకరించాకే విడుదల చేస్తారు. మురుగు లైన్ వేయకుండా తనఖా విడుదలకి బిల్డర్ అర్జీ పెడితే కొనుగోలుదారులు వెంటనే అభ్యంతరం రాయాలి. విడుదలయ్యాక ఎవరి చేతిలోనూ పట్టు ఉండదు.

లండన్_లక్ష్మి
పోల్చుకోవడానికి పనికొస్తుందని రాస్తున్నాను. ఇంగ్లండ్, వేల్స్‌లో ఇళ్ల హద్దు దాటిన ప్రైవేటు మురుగు లైన్లన్నీ 2011 అక్టోబర్ 1న ఒక్క దెబ్బతో నీటి కంపెనీలకి బదిలీ అయ్యాయి. అక్కడ మురుగు బాధ్యత పురపాలికది కాదు, కంపెనీలది. 2011 జులై 1 నాటికి పబ్లిక్ లైన్‌కి కలిసి ఉన్నవి మాత్రమే. ప్రైవేటు పంపింగ్ స్టేషన్లకి 2016 అక్టోబర్ దాకా గడువు ఇచ్చారు. ఒకే ఇంటికి సంబంధించి ఆ ఇంటి హద్దు లోపల ఉన్న పైపు ఇప్పటికీ ఇంటివాళ్లదే. కొత్త లేఅవుట్లకి 1991 నీటి పరిశ్రమ చట్టం 104వ సెక్షన్ ఒప్పందం: బిల్డర్ బాండు పెట్టాలి, ప్రమాణం ప్రకారం వేయాలి, నిర్వహణ కాలం గడిచి తనిఖీలో నెగ్గాకే తీసుకుంటారు.

నాలా_నడక
మనకీ అలాంటి ఒక్క ఉత్తర్వు ఉంటే ప్రతి కాలనీ విడివిడిగా తిరిగే పని తప్పేది. లక్ష్మి గారు, ఇంటి హద్దు మాట బాగా గుర్తుచేశారు. కార్యదర్శి గారూ, మీ తీర్మానంలో ఇది స్పష్టంగా రాయండి: ఇంటి ఛాంబర్ నుంచి మ్యాన్‌హోల్ దాకా పైపు ఇంటివాళ్లది, మ్యాన్‌హోళ్లు, వాటి మధ్య లైన్ మాత్రమే అప్పగింత. లేకపోతే రేపు ప్రతి బాత్‌రూమ్ అడ్డంకికీ "మీదే కదా" అన్న గొడవ. హోటళ్లు, హాస్టళ్లు ఉంటే వాటి హద్దులోనే సిల్ట్ ఛాంబర్ (మడ్డి ఆగే తొట్టి) కట్టుకోవాలని కూడా రాయండి.

మూత_తీయకు
ఇంత చర్చలో మనుషుల మాట ఒక్కసారే, అదీ పక్కదారిన వచ్చింది. అప్పగించాలనడానికి నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద కారణం అదే. లైన్ అసోసియేషన్ చేతిలో ఉన్నంతకాలం పొంగిన రోజు అడ్డా మీంచి ఇద్దరు కూలీలని పిలిచి, వెదురు బద్దలిచ్చి దింపడం చాలా కాలనీల్లో జరుగుతోంది. చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం 7వ సెక్షన్ ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మురుగు లైన్‌లోకి ఎవరినీ దింపకూడదు. నేరుగానైనా, కాంట్రాక్టర్ ద్వారానైనా ఒకటే. మొదటిసారికే 2 ఏళ్ల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ప్రాణం పోతే పరిహారం 30 లక్షలని సుప్రీంకోర్టు 2023 అక్టోబర్ 20న చెప్పింది. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. ఎక్కువ మోతాదులో దాని వాసన తెలియడం మానేస్తుంది, రెండు శ్వాసల్లో మనిషి పడిపోతాడు. వాడిని తీయడానికి దిగినవాడూ పోతాడు. "ఊరికే ఎందుకివ్వాలి" అన్నవాళ్లకి ఇది చదివి వినిపించండి.

కాలనీ_కార్యదర్శి
ఇది తీర్మానంలో మొదటి పేరాగా పెడతాను. అప్పగింత పూర్తయ్యేదాకా పొంగితే ఏం చేయాలి?

మూత_తీయకు
యంత్రమే. ఎగువ, దిగువ మూతలు రెండూ తీసి గాలి ఆడనిచ్చి, దిగువ మ్యాన్‌హోల్ నుంచి ఎగువకి జెట్టింగ్ గొట్టం పంపాలి. చుట్టూ బారికేడ్ పెట్టండి, పిల్లలు తిరుగుతుంటారు. సందు ఇరుకని సాకు చెప్పనివ్వకండి, హైదరాబాద్‌లో 2017లోనే 70 మినీ జెట్టింగ్ యంత్రాలు దింపారు, అవి ఇరుకు సందుల కోసమే. జలమండలి కస్టమర్ కేర్ 155313కి కూడా ఫిర్యాదు నమోదు చేయండి. ఆ ఫిర్యాదు నంబర్లే రేపు అర్జీకి బలం.

సివిల్_సుబ్బు
డబ్బు సంగతి ఎవరూ రాయలేదు. మరమ్మతు రెండు దారుల్లో జరుగుతుంది. ఒకటి, ఆఫీసు ఎస్టిమేట్ వేస్తే అసోసియేషన్ డబ్బు కట్టడం, అదే డిపాజిట్ వర్క్. రెండు, మీ కాంట్రాక్టర్‌తో మీరే చేయించి తనిఖీకి పిలవడం. రెండోది చేతికి చౌక. కానీ పూడ్చేసిన కందకం చూసి ఎవరూ సంతకం పెట్టరు. పరుపు, పైపు, జాయింటు కనపడేలా ప్రతి ముక్కా పూడ్చకముందే చూపించాలి. డిపాజిట్ వర్క్ అయితే కొలతలు ఎం-బుక్‌లో, అంటే ఆఫీసు కొలతల పుస్తకంలో పడతాయి. ఎం-బుక్‌లో పడ్డ పైపు ఇక వాళ్ల లెక్కే. నేనైతే ఆ దారే అంటాను.

నల్లా_బిల్లు
అది అన్నిచోట్లా కుదరదు సుబ్బు గారూ. 210 ఇళ్లు ఒకేసారి డబ్బు కట్టాలంటే రెండేళ్లు చందాలు వసూలు చేయాలి. కార్పొరేటర్ నిధులో ఎమ్మెల్యే నిధో అడిగి ముందు నడిమి రోడ్డు 8 అంగుళాల లైన్ ఒక్కటే మార్పించుకోండి. అది సర్కారు డబ్బుతో వేసినది కాబట్టి తనంతట తానే వాళ్ల లెక్కలోకి పోతుంది. సందులు తర్వాత ఒక్కోటీ.

లెవెల్_మిషన్
ముక్కలుగా చేయడం మంచి ఆలోచనే. ఒక్క షరతు: దిగువ నుంచి ఎగువకే మార్చుకుంటూ రావాలి. పై సందు ముందు బాగుచేస్తే ఆ ఉరవడి అంతా పాడైన దిగువ ముక్క మీద పడి అక్కడ పొంగుతుంది.

పత్రాల_పెట్టె
చివర్లో ఉమ్మడి తనిఖీ జరిగాక అప్పగింత పత్రం అడగండి. అందులో మ్యాన్‌హోల్ నంబర్లు, ముక్కల పొడవు, పైపు వ్యాసం, రకం, ఏ తేదీ నుంచి నిర్వహణ ఎవరిదో ఉండాలి. రెండు పక్షాల సంతకాలు, వెనక మ్యాపు. "పరిశీలించాం" అన్న కాగితం అప్పగింత కాదు. ఆ తేదీ దాకా అసోసియేషన్ జెట్టింగ్ ఒప్పందం రద్దు చేయకండి, మధ్యలో పొంగితే ఎవరూ రారు.

కాలనీ_కార్యదర్శి
చాలా స్పష్టంగా ఉంది. రెండు చిన్న సందేహాలు. మ్యాన్‌హోళ్లకి నంబర్లు ఎటునుంచి వేయాలి? కెమెరా ఎండాకాలంలో పెట్టించాలా, వానాకాలంలోనా?

లెవెల్_మిషన్
నంబర్లు చివరి మ్యాన్‌హోల్ 1 అని మొదలుపెట్టి ఎగువకి. సందు విడిపోయిన చోట 7/1, 7/2 అలా. రేపు పైన ఇల్లు పెరిగి లైన్ పొడిగించినా నంబర్లు మారవు.

మల్కాజ్‌గిరి_మల్లన్న
నంబర్ మూత మీద రాయకుండ్రి, మూత మారితె నంబర్ వోతది. ఎదురుంగ ఇంటి గోడ మీద పెయింట్‌తోని రాసి, గోడ నుంచి మూతకు ఎన్ని మీటర్లో గూడ రాయుండ్రి. మళ్ల సీసీ రోడ్డు కింద మూత వోయినా దొరుకుతది.

లెవెల్_మిషన్
కెమెరా ఏప్రిల్, మేలో. పైపులో నీళ్లు తక్కువ, పగుళ్లు బాగా కనపడతాయి. కానీ భూమి లోపలి నీరు ఎంత ఊరుతోందో ఎండాకాలంలో తెలియదు. దానికి ఆగస్టు, సెప్టెంబర్‌లో వాన లేని రాత్రి మూడింటికి చివరి మ్యాన్‌హోల్ మూత తీసి చూడండి. ఆ వేళ కాలనీ నిద్రలో ఉంటుంది, పైపు అడుగున సన్నటి ధార మాత్రమే ఉండాలి. తేట నీళ్లు వేగంగా పారుతుంటే అది మురుగు కాదు, జాయింట్లలోంచి ఊరిన నీరు. అప్పుడు ఒక్కో మ్యాన్‌హోల్ ఎగువకి పోతూ చూడండి, ధార ఎక్కడ ఆగిపోతే దాని దిగువ ముక్కలోనే ఊట.

కాలనీ_కార్యదర్శి
సరే. ఈ వారమే ఈసీకి దరఖాస్తు, లెవెల్ సర్వేకి కొటేషన్లు. లెవెల్ షీటు వచ్చాక ఇక్కడే పెడతాను, ఎదురు వాలు ముక్కలు చూసి చెప్పండి.